కాలానికొక సీసా

కృష్ణగిరి,
మే 1958

మరదలు కోమలకు,

నీకూ పిల్లలకూ నా దీవెనలు. మా తమ్ముడు శీనడికి కూడా, వాడికి నా మీద కోపమున్నా సరే.

బస్సు కండక్టరు చేతికిచ్చి పంపిన గోనెసంచి అందే ఉంటుంది. ఒక్కో సీసాకు ఎండుగడ్డి చుట్టి మరీ పెట్టాను, పగిలి ఉండవు. పచ్చగా ఉన్నది మామిడికాయ పానకం. తేనె రంగులో ఉన్నది నన్నారి వేరు షర్బత్తు. గ్లాసులో నాలుగోవంతు పోసి, మిగతాది కుండనీళ్ళతో నింపి, సగం నిమ్మచెక్క పిండుకుని తాగాలి. ఊరికే తాగితే నోరు కట్టేస్తుంది.

ఇవెందుకు పంపానో చెబుతాను. మీ అన్నయ్య పోయి ఏడాది తిరిగింది. సంవత్సరీకం నాడు శీనడు అందరి ముందూ ఏమన్నాడో నువ్వూ విన్నావు. "ఒంటరిగా ఈడేం చేస్తావక్కా? ఇల్లు ఖాళీ చేసి హోసూరుకు వచ్చేయి. మేం నిన్ను మొయ్యలేమా?" మొయ్యడానికి నేనేమన్నా బియ్యం మూటనా? వాడు అరిచాడు, నేనూ అరిచాను. చివరికి వాడు వచ్చే ఉగాది దాకా గడువిచ్చాడు. అప్పటికి నా చేతి పనితో నా ఇల్లు గడుస్తుంటే ఇక్కడే ఉంటాను. గడవకపోతే మారు మాట్లాడకుండా వాడి వెంట రావాలి.

నా చేతికి వచ్చిన పని ఊరగాయలు, పానకాలు. ఊరగాయ ఈ వీధిలో ఇంటింటా పెడతారు, కొనే నాథుడు లేడు. అందుకని పానకాలు పట్టుకున్నాను. తోటల్లో కాయలు కోసే నాగక్క నాకు తోడు. చెక్కు తీయడం, సీసాలు కడగడం, నన్ను కేకలేయడం ఆమె పని.

మీ అంగట్లో ఒక అర ఖాళీ చేయించి వీటిని అమ్మించు. అంతకంటే ముందు నువ్వు తాగి ఎలా ఉన్నాయో రాయి. పొగడొద్దు.

మీ వదిన,
అమ్మణి

హోసూరు,
జూన్ 1958

వదినగారికి నమస్కారాలు.

సీసాలు క్షేమంగా అందాయి. మేమందరం క్షేమం. మామిడికాయ పానకం చాలా బాగుంది. నన్నారి కూడా చాలా బాగుంది. పిల్లలకు చాలా నచ్చింది. మీ తమ్ముడుగారు కూడా బాగుందన్నారు. అంగట్లో పప్పు డబ్బాల పైన అరలో పెట్టించారు. ఇంకా ఎవరూ కొనలేదు, కొంటారు.

మీరు ఎప్పుడు వచ్చినా ఇది మీ ఇల్లే. మీ కోసం తూర్పు గదికి సున్నం వేయిస్తున్నాం.

ఇట్లు,
కోమల

కృష్ణగిరి,
జూన్ 1958

కోమలా,

నీ ఉత్తరం నాగక్కకు చదివి వినిపించాను. "ఏందమ్మా ఇది, కలెక్టరుకు రాసిన అర్జీ మాదిరి ఉండాది" అంది. చాలా బాగుంది, చాలా బాగుంది, చాలా నచ్చింది! అంత బాగుంటే ఒక్క సీసా కూడా ఎందుకు అమ్ముడు కాలేదమ్మా?

పైగా తూర్పు గదికి సున్నం వేయిస్తున్నారట. ఇదిగో, మనసులో మాట నేనే ముందు చెప్పేస్తాను. నేను వచ్చి నీ వంటింట్లో తిష్ట వేస్తానని నీకు భయం. పోపు మాడిందనీ, పులుసులో ఉప్పెక్కువైందనీ పొద్దస్తమానం సణుగుతానని భయం. నిజమే, సణుగుతాను. నా గుణం నాకు తెలియదా? నాకూ నీ వంటిల్లంటే అంతే భయం. ఉప్పు డబ్బా ఎక్కడుందో మరదలిని అడిగి వంట చేసే వయసు కాదు నాది.

కాబట్టి మనమిద్దరం ఒకే పక్షం. నా సీసాలు అమ్ముడుపోతే నీ వంటిల్లు నీది, నా వంటిల్లు నాది. ఈ సంగతి శీనడి చెవిన పడనక్కర్లేదు. ఈసారి నేరేడు రసం పంపుతున్నాను. ఇప్పుడు చెప్పు, ఎలా ఉన్నాయి?

అమ్మణి

హోసూరు,
జులై 1958

వదినా,

మీ ఉత్తరం పొయ్యి దగ్గర కూర్చుని చదివి ఒక్కదాన్నే పడీపడీ నవ్వాను. ఏమైందని మీ తమ్ముడు తొంగిచూశారు. పొగ కళ్ళల్లో పడిందని చెప్పాను.

అడిగారు కాబట్టి చెబుతున్నాను, కోపం తెచ్చుకోకూడదు. మామిడికాయ పానకంలో ఏలకులు మరీ ఎక్కువ. కాయ రుచి వచ్చేలోపే ఏలకులు నోట్లో కూర్చుంటాయి. సగం తగ్గించి, చివర్న చిటికెడు మిరియాలు వేసి చూడండి. నన్నారి మాత్రం నాలుక కొసన తీపి, మింగాక గొంతులో మట్టివాసన, చక్కగా ఉంది. కానీ ఒక సీసా ఆముదం కంపు కొడుతోంది. పాత సామాన్ల వాడి దగ్గర కొన్నారు కదూ? బూడిదతో తోమి, వేడినీళ్ళతో కడిగి, ఎండలో ఎండబెట్టకపోతే ఆ వాసన చస్తే పోదు. నేరేడు దించే ముందు రవ్వంత ఉప్పు వేయండి, వగరు తగ్గుతుంది.

అసలు సంగతి వేరే ఉంది. మీ కృష్ణగిరి ఎండకు తాగేవి మా హోసూరు గాలికి ఎవరు తాగుతారు? ఇక్కడ ఇప్పుడు చెవులకు గుడ్డ కట్టుకుని తిరుగుతున్నాం. చల్లటి షర్బత్తు చూస్తేనే జనానికి జలుబు చేస్తోంది. కాలాన్ని బట్టి సీసా మారాలి వదినా. ఈ వానలు పోయేదాకా అల్లం, నిమ్మకాయ, బెల్లం కలిపి చిక్కగా కాచి పంపండి. వేడినీళ్ళలో రెండు చెంచాలు వేసుకుంటే చాలు, ఒళ్ళు వెచ్చబడాలి. నేరేడు షుగరు జబ్బు వాళ్ళకని చెప్పి అమ్ముదాం, బెల్లం బొత్తిగా తగ్గించండి. మామిడీ నన్నారీ మళ్ళీ మాఘం దాటాకే.

ఇంకొకటి. మన అంగడికి వచ్చే శెట్లు సీసా తిప్పితిప్పి చూసి, మా ఆవిడా చేస్తుందని పెట్టేస్తారు. కొనేవాళ్ళు పశువుల సంతకు వచ్చే రైతులు. పొద్దున్నుంచి ఎద్దుల బేరం చేసి గొంతెండిపోయి ఉంటారు. వాళ్ళకొక చిన్న సీసా కావాలి, చవకగా ఉండాలి. చింతపండుకు మీ వైపు కొరత లేదు కదా? చింతపండు, బెల్లం, జీలకర్ర. అంతకంటే ఏమీ వద్దు.

నాకు చిన్నప్పటి నుంచీ ఈ నాలుక ఉంది. పులుసులో ఏ బావి నీళ్ళు పోశారో చెప్పేదాన్ని. మా వాళ్ళు అదొక తిక్క అనుకున్నారు. పెళ్ళయి వచ్చాక ఎవరూ నన్ను ఇది ఎలా ఉందని అడగలేదు, నేనూ చెప్పలేదు. మీరే మొదట అడిగారు. అందుకే ఇంత పొడుగున రాసేశాను.

మీ పక్షం మనిషి,
కోమల

కృష్ణగిరి,
నవంబరు 1958

కోమలా,

నీ నాలుకకు బంగారు తొడుగు చేయించాలే! అల్లం సీసాలు మీ అంగట్లో నిలవడం లేదని శీనడు కార్డు రాశాడు. పొగుడుతూ రాయలేదులే, "ఇంకా పంపు" అని మాత్రం రాశాడు. వాడి నోట అదే పెద్ద పొగడ్త. చింతపండు చిన్న సీసాలు నాగక్క బుట్టకెత్తుకుని కావేరిపట్టణం సంతకు పోయింది. మధ్యాహ్నానికల్లా ఖాళీ బుట్టతో వచ్చి గడప మీద కూలబడి నన్నే తిట్టింది. "ఇంకొంచెం చేసుంటే ఇంకొంచెం అమ్ముకోని వచ్చిందును కదమ్మా, నీకు చేతులు రాలేదా?"

నువ్వు పంపిన నల్లద్రాక్ష బుట్టలు అందాయి. ఉద్దనపల్లి గుర్రప్ప తోటదేనా? పండు మీద ఆ తెల్లటి బూడిద కూడా చెదరకుండా వచ్చింది. ద్రాక్ష పానకం చేయగా నేను చూడలేదు, ఈ వీధిలో ఎవరూ చూడలేదు. ఆలోచించాను. ఆవకాయకు నేను చేసేదేమిటి? జాడీకెత్తి, మూతికి గుడ్డ వాసెన కట్టి, చీకటి మూలన పెట్టి, కదపకుండా ఊరనిస్తాను. దేనికైనా ఊరితేనే కదా రుచి! ద్రాక్షకూ అదే చేశాను. కడిగితే రుచి పోతుందని తడిగుడ్డతో పైపైన తుడిచి, చేత్తో పిసికి, బెల్లం దట్టంగా వేసి, మా అమ్మ ఇచ్చిన పెద్ద జాడీకెత్తి వాసెన కట్టాను.

నాగక్క రోజూ జాడీకి చెవి ఆనించి, "లోపల ఏదో గుసగుసలాడతా ఉండాదమ్మా" అంటోంది. ఊరుతోంది లేవే అన్నాను. పైన ఎర్రటి నురగ కట్టింది. ఎంత కళగా ఉందనుకున్నావు! వడగట్టి సీసాలకెత్తి, బిరడాలు బిగించి, వైకుంఠ ఏకాదశికి అందేటట్టు పంపుతాను. ఆ రోజు మీ ఇంట్లో భజన కదా. ఉపవాసమున్న వాళ్ళకు పండ్లరసం ఇస్తే పుణ్యం, మన సీసాలకు పేరు.

అమ్మణి

హోసూరు,
డిసెంబరు 1958

వదినా,

ముందు కూర్చోండి. కూర్చున్నాకే చదవండి.

ఏకాదశి నాడు మధ్యాహ్నం భజన మొదలైంది. అందరూ పొద్దుటి నుంచీ ఖాళీ కడుపుతో ఉన్నవాళ్ళే. పాటల మధ్యలో మీ ద్రాక్ష సీసాలు తెచ్చాను. మొదటిది తీయబోతే బిరడా దానంతట అదే ఎగిరి దూలానికి తగిలింది. అందరూ గోవిందా అన్నారు. మొదటి గ్లాసు కేశవమూర్తిగారికే ఇచ్చాను. మన వర్తక సంఘానికి పెద్ద, మద్యనిషేధం సభలో మైకు దొరికితే వదలని మనిషి, మీకు తెలియనివాడు కాదు. ఆయన కళ్ళు మూసుకుని తాగి, "అమ్మా, ఇన్ని ఏకాదశులు చేసినాను, ఇట్లాంటి పండ్లరసం యాడా తాగలేదు. ఇంకొంచెం పొయ్యమ్మా" అన్నారు. పోశాను. తక్కినవాళ్ళూ గ్లాసులు చాచారు. పోశాను.

తర్వాత భజన ఊపందుకుంది. ఎంత ఊపంటే హార్మోనియం అంకప్ప ఒక పాట వాయిస్తుంటే గుంపు ఇంకొకటి పాడుతోంది, ఎవరికీ పట్టలేదు. కేశవమూర్తిగారు లేచి ఆడారు. ఎప్పుడైనా చూశామా వదినా? ఆడుతూ ఆడుతూ స్తంభానికి ఎదురుపడి, "ఏమప్పా, పెద్దోళ్ళొస్తే దారి ఇడిచేది లేదా?" అని దాన్ని మందలించారు. అది కదలకపోయేసరికి దాన్నే కౌగిలించుకుని, తన ఉపన్యాసాలు ఊళ్ళో ఎవరూ వినడం లేదని ఏడ్చారు. భక్తి పారవశ్యమని ఆడవాళ్ళం దణ్ణం పెట్టాం. నిజంగా!

అప్పుడు హెడ్డు కానిస్టేబుల్ ముత్తప్ప తీర్థానికి వచ్చాడు. ఆయనకూ ఒక గ్లాసు ఇచ్చాను. ముక్కు దగ్గర పెట్టుకుని, నన్ను ఒక పక్కకు పిలిచాడు. "అమ్మా, నా నౌకరీ అంతా ఈ వాసన ఎనకాల పరిగెత్తేదే. ఇది పానకం కాదు, సారాయికి చెల్లెలు. మీకు తెలీక జరిగిందని నాకు తెలుసు. ఇప్పుడే పారబొయ్యండి. ఇంకోసారయితే నా చేతుల్లో ఉండదు." గ్లాసు నా చేతికే ఇచ్చి, తీర్థం మాత్రం తీసుకుని వెళ్ళిపోయాడు. మనుషుల్లో మంచివాళ్ళు ఉన్నారు వదినా.

ఇక్కడి దాకా రాస్తూ నవ్వుకున్నాను, దేవుడు క్షమించాలి. ఇక మీద నవ్వు లేదు. మీ తమ్ముడు మండిపడుతున్నారు. "సంఘంలో నా పరువేం కావల్ల? అక్కను పోలీసులు పట్టుకోని పోతే నా మొగం యాడ పెట్టుకునేది? ఉగాది లేదు గిగాది లేదు. పుష్యమాసం పోతానే ఇల్లు ఖాళీ చేయించి తోడుకోని వస్తా" అని పట్టుబట్టారు. నేనెంత చెప్పినా వినడం లేదు.

నాకు ఆ రోజు మంచినీళ్ళు కూడా ముట్టని ఉపవాసం. ఇక్కడికి వచ్చిన మీ సీసాల్లో నా నాలుక దాటకుండా బయటికి పోయింది అదొక్కటే. అదే నన్ను తొలిచేస్తోంది.

కోమల

కృష్ణగిరి,
డిసెంబరు 1958

కోమలా,

మిగిలిన రసమంతా పెరట్లో పారబోశాం. జాడీ కడిగి బోర్లించాను. నాగక్క రెండు రోజులుగా నాతో మాట్లాడకుండా పని చేసి పోతోంది. అది అలా ఉంటే నాకు భయం.

సారాయి వాసన ఎలా ఉంటుందో నాకు తెలిస్తే కదా! మన ఇళ్ళల్లో ఎవరి ముక్కుకు తెలుసు? ఆవకాయ ఊరితే ఆవకాయే అవుతుంది. ద్రాక్ష ఊరితే ఇలా తిరగబడుతుందని ఎవరు చెప్పారు నాకు? శీనడి కోపంలో తప్పు లేదు. పెద్దమనుషుల చేత తాగించాను, నీ ఇంటి గుమ్మంలోకి పోలీసును తెప్పించాను. వాడిని రమ్మను. సీసాలు పాత సామాన్ల వాడికి ఇచ్చేస్తాను.

ఈ ఇల్లు ఏమంత ఇల్లని? వేసవిలో కొండ రాళ్ళ సెగకు గోడలు కాలిపోతాయి, వాన వస్తే వంటింట్లో కారుతుంది. కానీ కోమలా, హోసూరు వస్తే నేను శీనడి అక్కను, నీ వదినను, పిల్లలకు అత్తను. ఇక్కడ మాత్రమే నేను అమ్మణిని. పొద్దున్నే లేచి ఈ రోజు ఏం చేద్దామా అని నన్ను నేను అడుక్కునేది ఇక్కడే. అది పోతుందనే నా ఏడుపంతా. నీ ముందు దాచడమెందుకు?

తూర్పు గదికి వేసిన సున్నం ఆరిందా?

అమ్మణి

హోసూరు,
జనవరి 1959

వదినా,

సీసాలు అమ్మేశారంటే నా మీద ఒట్టే. అమ్మి ఉంటే పోయి వెనక్కి కొనుక్కురండి.

ముందు మంచి కబురు. కేశవమూర్తిగారు వారం రోజులు బయటికి రాలేదు. వచ్చాక, ఆ రోజు తనకు దైవదర్శనమైందని ఊరంతా చెప్పుకుంటున్నారు. రసం మాట ఎత్తితే తాను ఏం తాగారో ఒప్పుకోవాలి కదా! ఇక సంఘంలో ఎవరు ఎత్తుతారు? మొన్న అంగడికి వచ్చి, అటూ ఇటూ చూసి, "ఆ ద్రాక్షది మళ్ళా రాలేదా తల్లీ? మోకాళ్ళకు స్వల్ప గుణం కనిపించింది" అన్నారు. అల్లం సీసా ఇచ్చి పంపాను. మొహం చిన్నబుచ్చుకున్నారు పాపం.

రెండోది. గుర్రప్ప చేత ఇంకో బుట్ట తెప్పించి నేనే పిసికాను. రోజూ ఒక చుక్క నాలుక మీద వేసుకుని ఉమ్మేశాను. మొదటి రోజు పండు తీపి, తొక్క వగరు. మర్నాడు నాలుక మీద చీమ పాకినట్టుంది. ఆ తర్వాత సూదులు గుచ్చింది, బెల్లం తీపంతా ఎవరో తినేసినట్టు తగ్గిపోయింది. ఆ తీపే అలా మారుతోంది వదినా. కాబట్టి ఊరనివ్వకూడదు. పిసికిన రోజే వడగట్టి, కాచి, వేడివేడిగా ఉడికించిన సీసాల్లో పోసి, బిరడా మీద మైనం కరిగించి పోయాలి. అలా పెట్టిన సీసా పండగ దాటాక తీశాను. ఆ రోజు చేసినట్టే ఉంది. మీ చేతికి ఆవకాయ తెలుసు, ద్రాక్ష తెలియదు. తప్పు చేతిదే గాని మీది కాదు.

మూడోది చెప్పడానికే ఈ ఉత్తరం. మీ తమ్ముడితో మాట్లాడాను. పెళ్ళయినప్పటి నుంచీ నేను ఆయనకు ఎదురు చెప్పింది లేదు. అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని చెప్పాను. "ఆర్నెల్లుగా మీ అంగట్లో అమ్మిన ప్రతి సీసా నేను రుచి చూసి పంపినాను. వానకు అల్లం అన్నది నేను. సంతకు చింతపండు అన్నది నేను. ఆ పొద్దు ఒక్కటే చూళ్ళేదు, అది తప్పిపోయింది. దానికి వదిన ఇల్లు ఖాళీ చెయ్యాలంటే, ఫస్టు నన్ను అంగట్లోంచి ఎత్తేయండి." ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "నువ్వా?" అన్నారు. నేనే అన్నాను. తర్వాత మజ్జిగ పోసుకుంటూ, "సరే, ఉగాదికే చూస్తాంలే" అన్నారు.

గడువు మిగిలింది. లేవండి వదినా. బుట్టలు రేపటి బస్సులో వస్తున్నాయి.

కోమల

కృష్ణగిరి,
మార్చి 1959

కోమలా,

లేచాను. ఉత్తరం రాయడానికి తీరిక లేక ఇన్నాళ్ళు పట్టింది, దానికే సంతోషించు.

నువ్వు చెప్పినట్టే కాచాను, మైనం పోశాను. ద్రాక్ష రసం ఇప్పుడు ద్రాక్ష రసంలానే ఉంది, బిరడాలు ఎగరడం లేదు. నాగక్క మాత్రం "గుసగుసలు లేకుండా ఇదేమి రసమమ్మా" అని ఎకసెక్కం చేస్తోంది. రాయకోటలో ఒక పెళ్ళివారు విడిదింట్లో కాఫీతో పాటు ద్రాక్ష కావాలన్నారు. పెళ్ళికి ముండమోసిన దాని చేతి పానకమా అని వాళ్ళ ముసలావిడ అడిగిందట. పెళ్ళికూతురే సీసా తీసి తాగి, ఇంకొకటి ఇమ్మందట. ఆ పిల్ల నూరేళ్ళు చల్లగా ఉండాలి!

ఎండ ముదిరింది. నన్నారి తీశాను. మామిడిపిందెలు దిగుతున్నాయి. ఏలకులు సగం తగ్గించాను, చూశావా, నీ మాట విన్నాను. పక్కింటి ఇద్దరమ్మాయిలు కూడా పనికి వస్తున్నారు. ఇంటి ఖర్చు నేనే గడుపుకుంటున్నాను. శీనడు వచ్చి చూసుకోవచ్చు.

అమ్మణి

హోసూరు,
ఏప్రిల్ 1959

వదినా,

మీ తమ్ముడు ఉగాది మర్నాడు వస్తున్నారు. లారీ మాట్లాడుకున్నారు. "ఆడ సాగితే సంతోషమే, సాగకుంటే ఆ పొద్దే సామాను వేసుకోని వచ్చేస్తా. ఆడోళ్ళ రాతలు నమ్మేదెట్ల, నా కండ్లతో చూడల్ల" అంటున్నారు. బయటికి గట్టిగా ఉన్నా, మిమ్మల్ని తెచ్చేస్తాననే ఆశ ఆయన మొహంలో కనిపిస్తోంది. తూర్పు గదిలో మీ మంచం కూడా వేయించారు.

మీరు అక్కడ గెలిచారని నాకు తెలుసు. అయినా ఒక మాట చెప్పకుండా ఉండలేను. నేను పక్షం మారాను.

పోయిన ఏడాది మీరు రాకూడదని ఎన్ని మొక్కులు మొక్కానో ఆ దేవుడికే తెలుసు. ఇప్పుడు ఆ గది ఊడుస్తుంటే మీరు వస్తే బాగుండుననిపిస్తోంది. మీ తమ్ముడు పిలిచినట్టు జాలిపడి కాదు. నాకు కావాలని పిలుస్తున్నాను. ఇది ఎలా ఉందే కోమలా అని ఎవరైనా అడిగితే నాకు ఎంత బాగుంటుందో మీకు తెలియదు. కండక్టరు గోనెసంచి దించే రోజు పొద్దున్నుంచీ నాకు కాలు నిలవదు. పిల్లలు నవ్వుతారు.

సణగండి. రోజంతా సణగండి. వచ్చి సణగండి.

కోమల

కృష్ణగిరి,
ఏప్రిల్ 1959

కోమలా,

ఈ ఉత్తరం శీనడి చేతికే ఇచ్చి పంపుతున్నాను. అంటించాను గనుక చదవడు, చదివినా వాడికి తెలియవలసిందే.

వాడు పొద్దున్నే లారీతో దిగాడు. గుమ్మంలోనే, "సామాను యాడ కట్టినావక్కా?" అన్నాడు. కట్టలేదురా, లోపలికి రా అన్నాను. లోపల కాలు పెట్టే చోటు లేదు. ఒక మూల పిందెలు, ఒక మూల సీసాలు, పొయ్యి మీద పాకం. నాగక్క వాడిని చూసి లేవను కూడా లేదు. "అప్పా, కొంచెం అట్ల జరుగు, పాకం పొంగుతా ఉండాది" అంది. కావేరిపట్టణం నుంచి ఒక కొట్టువాడు వచ్చి సరుకు కోసం కాచుకుని ఉన్నాడు. శీనడు ఒక పీట లాక్కుని కూర్చున్నాడు. మామిడికాయ పానకం కలిపిచ్చాను. తాగాడు. ఇంకో గ్లాసు అడిగాడు. తర్వాత తల వంచుకుని, "నిన్ను బాగా చూసుకోవాలనే కదక్కా నేను చెప్పింది" అన్నాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు. నాకు తెలుసురా అన్నాను. ఒప్పందం ప్రకారం ఇల్లు నాకే ఉండిపోయింది.

కాసేపటికి బయటికెళ్ళి లారీ వంక చూసి, లోపలికొచ్చి, మళ్ళీ బయటికెళ్ళాడు. వర్తకుల రక్తం కదా, ఖాళీ లారీ తిరిగిపోతుంటే ప్రాణం ఒప్పుతుందా? "బాడిగ ఇచ్చేసినా అక్కా, ఉత్తదే ఎట్ల తోలుకోని పోయేది?" అన్నాడు. ఏం చేస్తావు మరి అన్నాను. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, నా సామాను తీసుకుపోవడానికి తెచ్చిన గడ్డీ తాళ్ళూ పెట్టి, నా సీసాలు తానే ఎక్కించాడు. లారీ నిండింది. హోసూరులో ఇంకో రెండు అంగళ్ళకు కూడా వేస్తాడట. ఎవరూ చెప్పలేదు, వాడే అన్నాడు.

ఇప్పుడు నీ సంగతి. నీ ఉత్తరం చదివి ఏడ్చాను. మీ అన్నయ్య పోయాక నన్ను రమ్మన్న వాళ్ళంతా అయ్యో పాపం అని రమ్మన్నారు. కావాలని పిలిచింది నువ్వొక్కదానివే. ఆ పిలుపు నేను బతికున్నంత కాలం మరిచిపోను. కానీ నేను రాను కోమలా. ఇంత చేసి నిలబెట్టుకున్న ఇల్లు వదల్లేను.

నువ్వే రా. మామిడి ముంచుకొస్తోంది. ముందు పచ్చికాయ, తర్వాత సెందూర పండు, ఆఖరున నీలం. ఏ పండుకు ఎంత పాకమో నా చెయ్యి వేస్తుంది, సరిపోయిందో లేదో చెప్పే నాలుక నాకు లేదు. ఈసారి ఏదీ నీ నోరు దాటకుండా సీసాలోకి పోకూడదు. పిల్లలకు బడి మూశాక వాళ్ళనూ తీసుకుని వచ్చేయి, తొలకరి దాకా ఉండు. మీ ఆయన్ను ఇప్పుడే అడిగాను. "నాకు వంటెవరు చేసేది?" అన్నాడు. ఇంత లారీ ఎత్తినవాడివి, కుండ దించలేవా అన్నాను.

బడి మూసిన వారం ఖాళీ సీసాలతో ఇదే లారీ మళ్ళీ వస్తుంది, దాంట్లో వాడే మిమ్మల్ని తోడుకుని వస్తాడు. ముందు సీట్లో మీ అందరికీ చోటుంది. మూటాముల్లె ఎక్కువ తేవద్దు, సీసాలకు చోటు కావాలి.

అమ్మణి